సర్‌ప్రైజల్‌కి ‘ఆశ్చర్యం’ సరిపోతుందా?

భాషా మోడళ్ళ (తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాముల) మీద చిన్న వ్యాసం రాస్తూ ‘సర్‌ప్రైజల్’ దగ్గర ఆగిపోయాను. ముందు వచ్చిన మాటలను బట్టి తర్వాతి మాట ఎంతవరకు ఊహకు అందదో బిట్లలో చెప్పే లెక్క అది. అవకాశం సగానికి తగ్గినప్పుడల్లా ఒక బిట్ పెరుగుతుంది. సగం అవకాశమున్న మాటకు 1 బిట్, ఎనిమిదో వంతు అవకాశమున్నదానికి 3 బిట్లు. భాషా పరిశోధకులు జాన్ హేల్ 2001లో, రోజర్ లెవీ 2008లో దీన్ని మనిషి భాషను అర్థం చేసుకునే తీరుకు ముడిపెట్టారు: బిట్లు పెరిగేకొద్దీ ఆ మాట దగ్గర ఎక్కువసేపు పడుతుందని. ఇప్పుడు ఆ అవకాశాలను జీపీటీ-2 లాంటి న్యూరల్ నెట్‌వర్క్‌ల (బోలెడంత రాత చదివి నేర్చుకున్న భాషా మోడళ్ళ) చేత లెక్క కట్టిస్తున్నారు. ‘ఆశ్చర్యం’ అని రాసేయనా?

జవాబు: వద్దండీ. ‘రేపు ఊరికి’ తర్వాత వచ్చే ‘వెళ్తున్నాను’కి కూడా ఎన్నో కొన్ని బిట్లుంటాయి. అది విని ఎవరూ ముక్కున వేలేసుకోరు కదా! నా ఓటు ‘అనూహ్యత’కి. ‘తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే’ అని ఆపి చూడండి. సామెత తెలియనివాడు కల్లు కోసమే అనుకుంటాడు. మనకు ‘దూడగడ్డి’ నోటి చివరే ఉంటుంది. మాట ఒకటే, వినేవాణ్ణి బట్టి బిట్లు మారతాయి.

జవాబు: మాస్టారూ, పదం బాగుంది. నా పేచీ ‘తర్వాతి మాట’ అన్నచోట. ‘నిన్న పెళ్ళికి వెళ్ళ’ దాకా విన్నామనుకోండి. ‘లేదు’ రావచ్చు, ‘గలిగాను’ రావచ్చు, ‘లేకపోయాను’ రావచ్చు. అసలు సంగతి మాట లోపలే తేలుతుంది. ‘వెళ్ళలేక’ వినగానే మనిషి వెళ్ళలేదనుకుంటాం, ‘వెళ్ళలేక వెళ్ళాను’ అంటే మొత్తం తిరగబడుతుంది! మాటకో అంకె ఇచ్చి ఊరుకుంటే ఇదంతా ఎక్కడ కనబడుతుంది? పోనీ మోడల్ మాటను ముక్కలు చేసుకుని చదువుతుంది కదా, ఆ ముక్కలు చూద్దామా అంటే, ప్రకృతి (అసలు మాట), ప్రత్యయం (దాని చివర చేరేది) అన్న పట్టింపు దానికి లేదు. జీపీటీ-2 అయితే ‘వె’ని కూడా తునకలు చేస్తుంది.

నిజమే అక్కా, అది వ్యాసంలో పెట్టాల్సిందే. మాస్టారు చెప్పిన సామెతకు ఇంకో కొస ఉంది. పెద్ద మోడలైతే మనిషికి ఇంకా దగ్గరగా ఉంటుందనుకున్నాను. 2023లో బ్యుంగ్-డో ఓ, విలియమ్ షూలర్ అనే పరిశోధకులు ఇంగ్లీషు మీద చూస్తే తలకిందులైంది. మోడల్ పెరిగేకొద్దీ దాని లెక్క మనుషుల చదివే వేగానికి అంతంత దూరమైంది. మనం తడుముకునే పేర్ల దగ్గర కూడా దానికి తడబాటు లేదట, అంత చదివేసింది మరి. దూడగడ్డి సామెతలన్నీ దానికి ముందే వచ్చన్నమాట!

‘అనూహ్యత’ ఖాయం. మొదటిసారి మాత్రం పక్కన ‘సర్‌ప్రైజల్’ అని కూడా రాస్తాను.