అప్‌డేట్: ఇమ్యునోగ్లోబ్యులిన్ వేసిన పాపకు టైటర్ (రక్తంలో యాంటీబాడీల మోతాదు) ఎప్పుడు చూడాలి?

తల్లికి హెపటైటిస్ బి ఉంది; పాపకు పుట్టిన 12 గంటల్లోపే ఒక తొడకు ఇమ్యునోగ్లోబ్యులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల సూది), రెండో తొడకు టీకా పడ్డాయి; అయిదో నెలలోనే యాంటీబాడీ పరీక్ష చేయించొచ్చా అన్నది నా ప్రశ్న. తేలిన జవాబు: వద్దు.

అప్పుడొచ్చే అంకె టీకా పుట్టించిన యాంటీబాడీలదో, సూదితో ఎక్కించిన అరువు యాంటీబాడీలదో చెప్పలేం. అరువువి నెలల తరబడి రక్తంలో ఉంటాయి. అందుకే 9 నుంచి 12 నెలల మధ్య, అదీ చివరి డోసు పడి కనీసం నెల దాటాక చూడాలి. టీకా వేసిన రెండు మూడు వారాల్లోపు చూస్తే, టీకాలోని యాంటిజెన్ (వైరస్ పైపొర ప్రొటీన్) వల్లే హెచ్‌బీఎస్ఏజీ (ఆ ప్రొటీన్‌ను వెతికి ఇన్ఫెక్షన్ పట్టే పరీక్ష) పాజిటివ్ రావచ్చు!

రాయించాల్సినవి రెండే: హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ-హెచ్‌బీఎస్ (రక్షణ ఇచ్చే యాంటీబాడీల పరీక్ష). రెండోది అంకెతో కావాలి. 'రియాక్టివ్' అని ఒక్క ముక్క రాసిస్తే పనికిరాదు. హెచ్‌బీఎస్ఏజీ నెగెటివ్‌గా ఉండి, టైటర్ మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు, ఆపైన ఉంటే రక్షణ వచ్చినట్టే. తగ్గితే ఇంకో డోసు వేయించి, ఒకటి రెండు నెలలకు మళ్లీ చూస్తారు.

ప్యాకేజీలో కలిపిచ్చినా యాంటీ-హెచ్‌బీసీ (వైరస్ లోపలి భాగానికి పుట్టే యాంటీబాడీ పరీక్ష) తీసేయించండి. తల్లి నుంచి వచ్చినది 2 ఏళ్ల దాకా కనబడొచ్చు, ఊరికే కంగారు.