రిపేర్ అయ్యేదాకా బేస్ గిటార్ తీగలు బిగించే ఉంచాలా?

నాలుగు తీగల బేస్, 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు), 45–105 మందం తీగల సెట్. ఇ తీగ ట్యూనింగ్ కీ పళ్లు అరిగి పట్టు వదిలేసింది. కొత్త కీ రావడానికి నెల పైనే పడుతుందన్నారు. ఆ తీగ తీసేసి మిగతా మూడూ మామూలు శ్రుతిలోనే ఉంచాను. కొద్ది రోజులకే గిటార్ మెడ వెనక్కి వంగింది.

జి తీగని మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ), చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి చూస్తే, ఏడో ఫ్రెట్ మీద ఇదివరకు 0.3 మిల్లీమీటర్ల సందు ఉండేది. ఇప్పుడు తీగ ఫ్రెట్‌కి ఆనుకునే ఉంది. మొదటి మూడు నాలుగు ఫ్రెట్లలో బర్రుమంటోంది. ట్రస్ రాడ్ (మెడ లోపల వంపు సరిచేసే లోహపు కడ్డీ) పావు చుట్టు వదులు చేసి ఒక రోజు ఆగాను, తేడా లేదు. ఇంకో పావు తిప్పేసరికి ఆ రాడ్ నట్ పూర్తిగా వదులైంది, సందు మాత్రం రాలేదు. మెడ మంచిది, పాడవకూడదని నా ఆరాటం.

కీ వచ్చేదాకా ఈ మూడు తీగల్నీ శ్రుతిలోనే ఉంచాలా, లేక కాస్త ఎక్కువ బిగించి మెడని ముందుకు లాగించాలా?