నిమ్మతోటని సేంద్రియంలోకి మార్చాలనుకుంటున్నా. మొదటి 3 ఏళ్లు ఎట్టా గడిపారో చెప్పండి (నెల్లూరు, ప్రకాశం రైతులు)

పొదలకూరు నిమ్మతోట
అందరికీ నమస్కారం. పొదలకూరు మండలంలో మాకు 4 ఎకరాల నిమ్మ ఉంది. చెట్లకి 9 ఏళ్లు. నాన్న పోయాక రెండేళ్లుగా నేనే చూసుకుంటా ఉన్నాను. పోయిన వానల్లో గజ్జి తెగులు పట్టింది, కాయ తొక్క మీద మంగు మచ్చలు కూడా బాగా వచ్చాయి. మందుల కొట్టులో ఏది ఇస్తే అది కొట్టించాను. కాయ నున్నగానే వచ్చింది, కానీ మార్కెట్లో బస్తాలు దించి లెక్క చూసుకుంటే మందుల బాకీకే సరిపోయింది. మందు కొట్టిన సాయంత్రం మా అమ్మ కలుపు తీయడానికి తోటలోకి పోయింది. రాత్రంతా తలనొప్పి, వాంతులు. ఆ రాత్రే ఇక చాలనుకున్నాను.

నాకు రెండు సంగతులు తెలియాలి. మందులు, ఎరువులు ఆపేసిన తర్వాత దిగుబడి పడిపోయిన ఏళ్లలో ఇల్లు ఎట్టా నడిచింది, ఎవరు ఆదుకున్నారు? రెండోది, బయోడైనమిక్ అని ఆవు కొమ్ములో పేడ కూరి పూడ్చే పద్ధతి ఒకటి విన్నాను. మన నేలల్లో ఎవరైనా చేసి చూశారా?

ఉలవపాడు మామిడి
అమ్మా, మొదటి ప్రశ్నకి నేను చెబుతా, దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి. మాది 6 ఎకరాల బంగినపల్లి. మా వైపు తోటలు చాలావరకు గుత్తకి పోతాయి. పూత మీదనో, పిందె మీదనో వ్యాపారి వచ్చి ఇంత అని మాట్లాడుకుని డబ్బు చేతిలో పెడతాడు. పిల్లల ఫీజులకి, పెళ్లిళ్లకి ఆ డబ్బే ఆధారం. అందుకే ఎవరూ వద్దనలేరు. కానీ గుత్త ఇచ్చిన రోజు నుంచి తోట మీద పెత్తనం మనది కాదు.

నేను రెండేళ్లు ఘనజీవామృతం (పేడ, ఆవు పంచితం, బెల్లం, పిండి కలిపి ఆరబెట్టిన ఎరువు) వేసి, పెసర, జనుము చల్లి, ఎండాకాలం గొర్రెల మంద కట్టించి నేలని ఒక దారికి తెచ్చాను. మూడో ఏడు డబ్బు అవసరం పడి గుత్తకి ఇచ్చాను. ఆ గుత్తదారు నాకు తెలియకుండా మొదళ్ల చుట్టూ పూత మందు, అదే పాక్లోబ్యూట్రజోల్, పోయించాడు. తేనెమంచు పురుగుకి ఆరుసార్లు పిచికారీ చేయించాడు. ఆ పూత మందు చెట్టు ఎదుగుదలని ఆపి పూత తెప్పిస్తుంది. మట్టిలో చాలాకాలం నిలుస్తుంది. సేంద్రియంలో దానికి అనుమతి లేదు. నా రెండేళ్ల కష్టం మళ్లీ సున్నా నుంచి మొదలైంది. రెండు చెట్లకి ఇప్పటికీ కొత్త చిగురు గిడసబారి వస్తుంది, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అందుకని పురుగు కంటే, తెగులు కంటే ముందు చూసుకోవాల్సింది ఇదే. ఈ 3 ఏళ్లు తోట ఎవరి చేతిలో ఉంటుంది? గుత్త ఆపగలిగితేనే మొదలుపెట్టు.

కందుకూరు అగ్రి
పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. నేను నిమ్మ గురించి చెబుతాను అక్కా. ముందు మట్టి పరీక్ష చేయించండి. సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువ ఉంటే నేల బీదగా ఉన్నట్టు, 0.75 దాటితే మంచిది. మన ఎర్ర గరప నేలల్లో తక్కువే వస్తుంది. అది పెరిగే లోపల యూరియా ఒక్కసారిగా ఆపేస్తే చెట్టు పచ్చదనం తగ్గి కాయ సన్నబడుతుంది. చాలామంది తోటలు వదిలేసేది ఇక్కడే. ముందు ఏడాది నుంచే పశువుల ఎరువు, పచ్చిరొట్ట, చెరువు మట్టి వేసుకుంటూ రండి.

ఆచ్ఛాదన, అంటే నేల మీద గడ్డి, ఆకు కప్పడం విషయంలో ఒక జాగ్రత్త. గడ్డి, ఆకు మొదలుకి ఆనించి వేయకండి. జీవామృతం కూడా మొదట్లో పోయకండి. నిమ్మకి మొదలు దగ్గర తడి నిలిస్తే బంక తెగులు వస్తుంది. మొదలు చుట్టూ ఒక అడుగు ఖాళీ వదిలి, బయట రింగులోనే నీళ్లు, ఎరువు. మా మేనమామ తోటలో 40 చెట్లు ఇట్లానే పోయాయి. ప్రకృతి సేద్యం చేస్తే చెట్లు చచ్చిపోయాయని ఊరంతా చెప్పుకున్నారు. తప్పు ఆకు వేయడంలో లేదు, వేసిన చోటులో ఉంది.

గజ్జి బాక్టీరియా వల్ల వచ్చేది. ఆకుని తొలిచే పురుగు చేసిన గాయాల్లోంచి సులువుగా లోపలికి పోతుంది. కాబట్టి కొత్త చిగురు వచ్చినప్పుడే వేప కషాయం పడాలి. తెగులు పట్టిన కొమ్మలు వానలకి ముందే కత్తిరించి తోట బయట కాల్చేయండి. 1 శాతం బోర్డో మిశ్రమం అంటే కిలో మైలుతుత్తం (రాగి సల్ఫేట్), కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. సేంద్రియంలో రాగి మందులకి పరిమితితో అనుమతి ఉంది, కానీ అదే పనిగా కొడితే రాగి మట్టిలో పేరుకుంటుంది. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లని అడిగి కొట్టండి. కొత్త మొక్కలు నాటేటప్పుడు గజ్జిని కాస్త తట్టుకునే బాలాజీ రకం చూడండి. వెంకటగిరి దగ్గర పెట్లూరులో నిమ్మ పరిశోధన స్థానం ఉంది, అక్కడికి ఒకసారి పోయిరండి.

వింజమూరు డ్వాక్రా అక్క
చెల్లెమ్మా, సాయం ఎక్కడని అడిగావు గదా. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయం ఉంది. నేను అందులో మా ఊరి ఐసీఆర్పీని. అంటే జీతం మీద వచ్చిన ఆఫీసరు కాదు, తన పొలంలో చేసి పక్క రైతుకి చూపించే మనిషి. మీ రైతు సేవా కేంద్రంలో అడిగితే మీ ఊరికి ఎవరున్నారో చెబుతారు. డ్వాక్రా సంఘంలో ఉంటే ఇంకా సులువు. రసాయన మందులు లేని సాగుకి సరుకులు అమ్మే ఎన్‌పీఎం షాపులో కషాయాలు తయారుగా దొరుకుతాయి, ఆవు లేనివాళ్లకి అదే దిక్కు.

మా దగ్గర ద్రవజీవామృతానికి ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గెనిమ (గట్టు) మీది మట్టి ఒక గుప్పెడు. నీడలో పెట్టి రోజూ కలిపి, వారం లోపల వాడేస్తాం. తొలకరికి ముందు సాళ్ల మధ్య నవధాన్యాలు చల్లుకో, నేల ఖాళీగా ఉండకూడదు. అలసంద, పెసర ఇంటికి కూరవుతాయి, కొంత అమ్ముకోవచ్చు. నీ మొదటి ప్రశ్నకి జవాబు నాకు తెలిసి ఇందులోనే ఉంది. మా ఇల్లు మొదటి రెండేళ్లు సాళ్ల మధ్య వేసిన గోరుచిక్కుడు, మునగ మీద, రెండు గేదెల పాల మీద గడిచింది. నిమ్మ మీద కాదు.

కావలి సపోటా
కొమ్ము ఎరువు సంగతి నేను చెబుతాను, 4 ఏళ్లుగా చేస్తున్నాను. 1924లో రుడాల్ఫ్ స్టైనర్ అనే ఆస్ట్రియా తత్వవేత్త రైతులకి ఇచ్చిన ఉపన్యాసాలతో ఈ పద్ధతి మొదలైంది. ఎద్దు కొమ్ము పనికిరాదు, ఈనిన ఆవు కొమ్మే కావాలంటారు. పాలిచ్చే ఆవు పేడ నిండుగా కూరి, చలికాలం అంతా భూమిలో ఉంచి తీస్తారు. మన దేశంలో దసరా రోజుల్లో పూడ్చి ఉగాదికి తీయడం వాడుక. తీసినప్పుడు పేడ వాసన పోయి అడవి మట్టి వాసన రావాలి. ఎకరానికి 25 గ్రాములు చాలు. 13 లీటర్ల గోరువెచ్చటి నీళ్లలో గంటసేపు ఒకసారి ఇటు, ఒకసారి అటు సుడి పడేట్టు తిప్పి, సాయంత్రం నేల మీద చిలకరించాలి.

మొదటి ఏడు నాది పాడైపోయింది. పుస్తకంలో చలికాలం అంటే అక్కడ మంచు. మనకి దసరా తర్వాతే అసలు వానలు. అక్టోబర్, నవంబర్‌లో తుపాను వచ్చిందంటే పల్లపు గుంటలో నీళ్లు నిలుస్తాయి. ఉగాదికి తవ్వితే కొమ్ముల్లో పచ్చ బురద, కుళ్లు కంపు. మరుసటి ఏడు మెట్ట మీద, నీరు జారిపోయే చోట, అడుగున ఇసుక పోసి పూడ్చాను. నల్లగా, పొడిగా, చక్కగా వచ్చింది. నెల్లూరు జిల్లాలో చేసేవాళ్లు ఈ ఒక్కటి మర్చిపోవద్దు.

ఇంకో ఇబ్బంది. కంపోస్టులో వేసే మిగతా బయోడైనమిక్ మిశ్రమాలకి యారో, చామంతి జాతి మొక్క, ఓక్ చెట్టు బెరడు లాంటివి కావాలి. అవి చలి దేశాల మొక్కలు, మన ఎండకి రావు. కొండ ప్రాంతాల్లో తయారుచేసినవి తెప్పించుకోవాలి. కొమ్ములకైతే నేను ఒంగోలు వైపు ఆవులు సాకేవాళ్లకి చెప్పి ఉంచుతాను, ముసలి ఆవు చనిపోతే కబురు చేస్తారు. మొదట్లో మా ఊళ్లో నేను చేతబడి చేస్తున్నానని అనుకున్నారు. ఒక రోజు గుంట తవ్వేటప్పుడు అందర్నీ పిలిచి వాసన చూపించాను. అప్పట్నుంచి ఆ మాట లేదు.

దర్శి బత్తాయి
కావలి అన్నా, కష్టం చూస్తే గౌరవం కలుగుతుంది. కానీ కొత్తగా వచ్చే రైతుకి ఒక మాట చెప్పాలి. స్విట్జర్లాండ్‌లో 1978 నుంచి బయోడైనమిక్‌ని, సేంద్రియాన్ని, మామూలు సేద్యాన్ని పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. 2002లో అచ్చయిన ఫలితాల్లో సేంద్రియ పద్ధతుల్లో దిగుబడి సుమారు 20 శాతం తక్కువ, ఎరువుల వాడకం అంతకంటే బాగా తక్కువ, నేలలో జీవం ఎక్కువ అని తేలింది. అవి గోధుమ, బంగాళాదుంప లాంటి పంటలు, మన బత్తాయి కాదు. అయినా 25 గ్రాముల కొమ్ము ఎరువు వల్ల వచ్చిన తేడా ఎంత, దానితో పాటు వేసిన కంపోస్టు వల్ల ఎంత అని విడదీసి చూపించిన రుజువు నాకు కనపడలేదు. డబ్బు, టైము తక్కువ ఉన్నవాళ్లు ముందు కంపోస్టు, ఆచ్ఛాదన, జీవామృతం మీద పెట్టండి. కొమ్ము తర్వాత.

కావలి సపోటా
అది నేనూ ఒప్పుకుంటా. కంపోస్టు లేకుండా కొమ్ము ఒక్కటే చేస్తే ఏమీ రాదు. నాకు దాని వల్ల జరిగిన మేలు ఏందంటే, గంటసేపు నీళ్లు తిప్పి సాయంత్రం ప్రతి పాదు దగ్గరికి నడుస్తాను. ఆ నడకలోనే పిండినల్లి, కాయతొలిచే పురుగు మొదటే కంటపడతాయి. ఒక సంగతి చూడండి. 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి మన ఆంధ్ర ప్రకృతి వ్యవసాయానికి, ఈజిప్టులోని సెకెమ్ అనే సంస్థకి, శాస్త్రవేత్త రతన్ లాల్‌కి కలిపి ఇచ్చారు. సెకెమ్ వాళ్లు 1977 నుంచి ఎడారి ఇసుకలో బయోడైనమిక్ చేస్తున్నారు. రెండు దారులూ ఒకే వేదిక మీదికి వచ్చాయి, నాకు చాలా సంతోషమైంది.

కందుకూరు అగ్రి
సర్టిఫికెట్ గురించి ఎవరూ చెప్పలేదు. మన దేశంలో అమ్ముకోవడానికి పీజీఎస్, అంటే రైతులే గుంపుగా ఇచ్చుకునే సర్టిఫికెట్ చాలు. కనీసం 5 మంది రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి తోట ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఖర్చు చాలా తక్కువ. ఎగుమతి చేయాలంటే ఎన్‌పీవోపీ అనే కేంద్ర ప్రభుత్వ సేంద్రియ పథకం కింద బయటి సంస్థ తనిఖీ కావాలి, అది ఒంటరి రైతు భరించలేడు. చెట్టు తోటలకి మార్పిడి కాలం, అంటే మందులు ఆపినప్పటి నుంచి సేంద్రియం అని ఒప్పుకునేదాకా, 3 ఏళ్లు. అక్కా, మీ తోటకి పక్కన ఎవరిదైనా మందు కొట్టే తోట ఉంటే గట్టు వెంబడి అడ్డంగా చెట్లు లేపండి.

పొదలకూరు నిమ్మతోట
అందరికీ దండాలు. చదివి రెండు రోజులు నిద్ర పట్టలేదు, మంచికే. నిజం చెప్పాలి. తమ్ముడి కాలేజీ ఫీజు కోసం 2 ఎకరాలు ఈ ఏడాది గుత్తకి ఒప్పుకున్నాను, అడ్వాన్సు కూడా తీసుకున్నాను. మిగతా 2 ఎకరాలు నా చేతిలోనే ఉన్నాయి. అందులో మొదలుపెట్టొచ్చా?

కందుకూరు అగ్రి
మొదలుపెట్టొచ్చు, కానీ ఒకే పంట ఒకే రైతు దగ్గర సగం మందులతో, సగం లేకుండా ఉంటే సర్టిఫికెట్ దగ్గర చిక్కు వస్తుంది. ఏ కాయ ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు కదా. కాబట్టి ఈ ఏడాదిని సర్టిఫికెట్ లెక్కలోకి తీసుకోకండి. 2 ఎకరాల్లో నేల బాగుచేయడం నేర్చుకోండి, మొత్తం 4 ఎకరాలకి గుంపులో చేరేది వచ్చే ఏడు.

ఉలవపాడు మామిడి
అమ్మా, బాధపడకు. ఫీజు కట్టాల్సిందే. గుత్తదారుతో కాగితం రాయించుకో. ఏ మందు, ఎన్నిసార్లు, ఏ తేదీన అనేది నీకు చెప్పాకే కొట్టాలి, మట్టిలో ఏదీ పోయకూడదు అని. నేను అట్లా రాయించుకోలేదు.

ఇంకో సంగతి. నేను ఇప్పుడు గుత్త మానేశాను. నెల్లూరులో, చెన్నైలో 30 ఇళ్లవాళ్లు పూత దశలోనే చెట్టుకి ఇంత అని ముందు డబ్బు ఇస్తారు. కాయ గడ్డిలో మగ్గేసి పంపుతాను, కార్బైడ్ ముట్టను. తుపానుకి కాయ రాలిపోతే ఆ నష్టం అందరిదీ అని ముందే మాట్లాడుకున్నాం. పోయిన ఏడు సగం రాలిపోయింది. ఒక్కరు కూడా డబ్బు వెనక్కి అడగలేదు. గుత్త డబ్బు చేసే పని ఆ డబ్బు చేసింది. నిమ్మకి మామిడి అంత మోజు ఉండదు, కానీ ఏడాది పొడవునా కాయ ఉంటుంది. నెలకి ఇన్ని కిలోలు అని ముందే ఖాయం చేసుకునే ఇళ్లు, జ్యూస్ కొట్లు, పచ్చళ్లు పెట్టేవాళ్లు దొరుకుతారు. వచ్చే మార్చిలోపల 10 ఇళ్లు నేను వెతికి పెడతా.

వింజమూరు డ్వాక్రా అక్క
గుంపుకి 5 మంది కావాలి గదా. పొదలకూరు, చేజర్ల, కలువాయి వైపు నిమ్మ వేసినవాళ్లు ఇంకెవరైనా ఈ చర్చ చదువుతుంటే చెప్పండి.

కలువాయి రైతు
నాది 3 ఎకరాలు. గజ్జి నాకూ ఉంది. మా బావకి 2 ఎకరాలు, ఆయన్ని ఒప్పిస్తా. మొదట బోర్డో కలపడం ఒకరోజు మాకు చేసి చూపించే వాళ్లు కావాలి, సున్నం ముందు పోయాలా మైలుతుత్తం ముందా అన్న దగ్గరే మాకు తగవు.

కందుకూరు అగ్రి
రెండూ విడివిడిగా 50 లీటర్ల నీళ్లలో కరిగించుకుని, తుత్తం నీళ్లని సున్నం నీళ్లలోకి పోస్తూ కలపాలి. ఇనుప బకెట్టు వాడకండి. కలిపినరోజే కొట్టేయాలి. వచ్చే ఆదివారం పొద్దున వస్తాను, ఎవరి తోట దగ్గరికి రావాలో మెసేజ్‌లో చెప్పండి. ఫోన్ నంబర్లు ఇక్కడ రాయకండి.