న్యూటోపియా చూసినవాళ్లు ఇటు రండి: జాంబీలు, ప్రేమ కలిసిన కొరియా సిరీస్‌లు మీకెలా అనిపించాయి?

చింతచిగురు
అందరికీ నమస్తే. నిన్న రాత్రికి న్యూటోపియా ఎనిమిది భాగాలూ పూర్తిచేశాను. ఇంకా అందులోంచి బయటికి రాలేదు, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. జే-యూన్ కాస్త వయసు ముదిరాక సైన్యంలో చేరిన కుర్రాడు. సియోల్ నడిబొడ్డున ఒక పెద్ద భవనం నెత్తిన ఉండే విమాన విధ్వంసక దళంలో డ్యూటీ. అతని ప్రేయసి యంగ్-జూ కొత్తగా ఉద్యోగంలో చేరింది. తన బతుకు ఆగిపోయిందని, ఆమె ముందుకెళ్లిపోతోందని అతనికి లోపల గుబులు. ఫోన్‌లో మాటా మాటా పెరిగి విడిపోతారు. అంతలోనే ఊరంతా జాంబీలు. ఆమె వీధుల్లోంచి అతని కోసం, అతను ఆ భవనం పైనుంచి ఆమె కోసం బయల్దేరతారు. ముగింపు మాత్రం ఇక్కడ ఎవరూ చెప్పకండి, దయచేసి.

నేను చూసింది అమ్మతో. అమ్మకి దెయ్యాల సినిమా అంటేనే పడదు. చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ పక్కన కూర్చుంది, తలెత్తనని ముందే చెప్పేసింది. మొదటి భాగంలో ఆ ఫోన్ గొడవ వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. సగం విరిచిన చిక్కుడుకాయ అలాగే వేళ్ల మధ్య ఉంది. "మళ్లీ ఫోన్ చెయ్యమను ఆ పిల్లాణ్ణి" అంది. ఆ తర్వాత నెత్తురు పారుతున్నా, తలలు తెగుతున్నా అమ్మ అడిగింది ఒక్కటే, "ఆ పిల్ల ఎక్కడిదాకా వచ్చింది?" అని. నాకు ఈ సిరీస్ అర్థమైంది అమ్మ ప్రశ్నతోనే. జాంబీలు లేకపోయినా వీళ్ల కథ ఉంది. జాంబీలు వచ్చాక ఆ గొడవ ఎంత చిన్నదో వాళ్లకే తెలిసింది.

మీ అనుభవాలు చెప్పండి. ఇలాంటివి ఇంకేమైనా చూసుంటే అవీ చెప్పండి.

సువాన్‌లో గోంగూర
చింతచిగురు గారూ, నేను నాలుగేళ్లుగా కొరియాలోనే ఉంటున్నాను. ఇందులో ఇక్కడివాళ్లకి వెంటనే తగిలే విషయాలు కొన్ని సబ్‌టైటిల్స్‌లో జారిపోతాయి. అవి చెప్తాను.

ఇక్కడ మగపిల్లలందరికీ సైన్యం తప్పనిసరి. భూసేనలో అయితే 18 నెలలు. చాలామంది ఇరవై దాటగానే, కాలేజీ మధ్యలో వెళ్లొచ్చేస్తారు. జే-యూన్‌లా ఆలస్యంగా వెళ్తే, తనకంటే చిన్నవాళ్లు సీనియర్లవుతారు. వయసుకి అంత మర్యాద ఇచ్చే దేశంలో, తమ్ముడి వయసువాడి ముందు అటెన్షన్‌లో నిలబడటం అంటే మాటలా? ఆ దళంలో వచ్చే నవ్వంతా అక్కడి నుంచే పుట్టింది.

సైన్యంలో ఉన్న అబ్బాయి కోసం ఎదురుచూసే అమ్మాయిని ఇక్కడ 'కోముషిన్' అంటారు. అంటే రబ్బరు బూట్లు, పాతకాలంలో ఇక్కడివాళ్లు వేసుకునేవి. ఎదురుచూడలేక వదిలేస్తే 'రబ్బరు బూట్లు తిరగేసి తొడుక్కుంది' అంటారు. అబ్బాయే వదిలేస్తే 'మిలిటరీ బూట్లు తిరగేసి తొడుక్కున్నాడు' అంటారు. ప్రతి ఇంట్లో, ప్రతి ఆఫీసులో ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. అందుకే మొదటి భాగం చూస్తూ నా పక్క సీటు అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

ఇంకోటి, ఆ ఫోన్. ఒకప్పుడు సైనికుల దగ్గర మొబైల్ ఉండేది కాదు. ముందు ప్రయోగంగా మొదలుపెట్టి, 2020 నుంచి డ్యూటీ అయ్యాక సాయంత్రం కొన్ని గంటలు వాడుకోనిస్తున్నారు. ఆ కొద్ది గంటల్లో గొడవపడితే మళ్లీ మర్నాటి దాకా ఆగాలి. అంత టెన్షన్ ఉంటుంది ఆ సంభాషణలో.

ఎత్తైన భవనాల మీద విమాన విధ్వంసక దళాలు కూడా కల్పన కాదు. సియోల్‌లో కొన్ని పెద్ద భవనాల పైన నిజంగానే ఉంటాయి. కింద జనం కాఫీ తాగుతుంటారు, పైన కుర్రాళ్లు ఆకాశం వైపు చూస్తుంటారు.

ఫౌజీ ఇంటావిడ
అక్కా, పై కామెంట్ చదివాక రాయకుండా ఉండలేకపోతున్నా. మాది శ్రీకాకుళం జిల్లా. మా ఆయన ఆర్మీలో ఉన్నారు. మా వైపు చాలా ఊళ్లలో ఇంటికొకరు సైన్యంలో ఉంటారు, కాబట్టి ఎదురుచూపు అనేది మాకు కొత్త కాదు. కానీ దానికి ఒక పేరుంటుందని ఇప్పుడే తెలిసింది.

పెళ్లయిన కొత్తలో ఒకసారి ఫోన్‌లో గొడవపడ్డాం. చాలా చిన్న విషయం, పండక్కి ఎవరింటికి వెళ్లాలి అని. నేనే కోపంగా పెట్టేశాను. ఆ మర్నాడు వాళ్లు సిగ్నల్ లేని చోటికి కదిలారు. పదకొండు రోజులు ఫోన్ లేదు. స్నానానికి వెళ్లినా ఫోన్ తలుపు దగ్గర పెట్టుకునేదాన్ని. మా అత్తగారు అడిగితే "బాగానే ఉన్నారు" అని చెప్పాను, నాకేం తెలియకుండానే. పన్నెండో రోజు పొద్దున ఫోన్ వచ్చింది. ఆయన మొదటి మాట "మీ ఇంటికే వెళ్దాంలే" అని.

ఈ సిరీస్ నేనింకా చూడలేదు. దెయ్యాలంటే నాకు చాలా భయం. కానీ ఇప్పుడు చూడాలనిపిస్తోంది.

రాత్రి రెండింటికి
నేను వేరే మాట చెప్పాలి, ఎవరూ ఏమీ అనుకోవద్దు. జాంబీ కథలంటే నాకు ప్రాణం. 2019లో కింగ్‌డమ్, 2022లో ఆల్ ఆఫ్ అస్ ఆర్ డెడ్, రెండూ ఒక్కో రాత్రిలో చూసేశాను. న్యూటోపియా మీద చాలా ఆశలు పెట్టుకున్నా. దర్శకుడు యూన్ సంగ్-హ్యూన్. రాసినవాళ్లలో ఒకరు హాన్ జిన్-వన్, పారసైట్‌కి దాని దర్శకుడు బోంగ్ జూన్-హోతో కలిసి ఆస్కార్ అందుకున్నాయన. మూలం హాన్ సాంగ్-ఊన్ నవల.

జే-యూన్‌గా చేసిన పార్క్ జంగ్-మిన్ నటనకి వంక పెట్టలేను. ఈ దర్శకుడి మొదటి పెద్ద సినిమాతోనే అతను వెలుగులోకి వచ్చాడు, ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు. భయపడే మనిషి ధైర్యం తెచ్చుకోవడం ఎలా ఉంటుందో అతని మొహంలో కనిపిస్తుంది. కానీ గుండె దడదడలాడుతున్న చోట నవ్వించబోయి ఆ దడ పోగొట్టారు. నవ్వుకోబోతే మొహాన నెత్తురు చల్లారు. నాకు రెండూ దక్కలేదు. జాంబీ కథలో మొదట భయం నిలబడాలి, మిగతావన్నీ దాని మీద కట్టుకోవచ్చు.

చింతచిగురు
మీ బాధ అర్థమైందండీ. మధ్య భాగాల్లో నాకూ ఒకటి రెండు చోట్ల అలాగే అనిపించింది. కానీ భయంలో నవ్వు రావడం నిజమే కదా? మా తాతయ్య పోయిన రాత్రి మా పిన్నులంతా పొద్దుపోయాక ఏదో గుర్తొచ్చి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు, ఆ వెంటనే భోరుమన్నారు. ఈ సిరీస్ చూస్తుంటే నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది.

గులాబీ నలుపు
నేను ఇంటర్ రెండో సంవత్సరం. యంగ్-జూగా చేసిన జిసూ కోసమే చూశాను, ఆమె పాడే కొరియా పాటల బృందం బ్లాక్‌పింక్ అంటే పిచ్చి. ఆమె చేసిన స్నోడ్రాప్ సిరీస్ వచ్చినప్పటి నుంచి ఆమె నటన మీద, మాట తీరు మీద అందరూ ఏదో ఒకటి అంటూనే ఉన్నారు. ఈసారీ అన్నారు. నాకు మాత్రం యంగ్-జూ నచ్చింది. ఎవరో వచ్చి కాపాడతారని కూర్చోదు. చేతికి దొరికింది పట్టుకుని నడుస్తుంది. అమ్మాయే వెతుక్కుంటూ వెళ్లే ప్రేమకథలు నేను ఎక్కువ చూడలేదు. మా అక్కకి కూడా చూపించా, తనకీ నచ్చింది.

తెల్ల కోటు
నేను హైదరాబాద్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఇలాంటివి ఇంకేమైనా అని అడిగారు కాబట్టి, 2021లో టీవీఎన్‌లో వచ్చిన హ్యాపీనెస్ గురించి చెప్పాలి. 12 భాగాలు. హాన్ హ్యో-జూ పోలీసు, పార్క్ హ్యంగ్-సిక్ డిటెక్టివ్, ఇద్దరూ హైస్కూల్ స్నేహితులు. మంచి ఫ్లాటు దక్కడం కోసం ఉత్తుత్తి పెళ్లి చేసుకుంటారు. అక్కడిదాకా హాయిగా నవ్వుకునే కథ. ఆ అపార్ట్‌మెంట్‌లోకి జబ్బు వస్తుంది. సోకినవాళ్లకి తట్టుకోలేని దాహం, మనుషుల నెత్తురు తాగాలనిపిస్తుంది. కానీ మధ్యమధ్యలో మామూలు మనుషులైపోతారు. నన్ను కుదిపేసింది అదే. మళ్లీ మామూలయ్యే మనిషిని మనం ఏం చెయ్యాలి?

గేట్లు మూసేస్తారు. కింది అంతస్తుల్లో అద్దెకున్నవాళ్లని, పై అంతస్తుల్లో కొనుక్కున్నవాళ్లు చులకనగా చూడటం మొదలవుతుంది. ఎవర్ని బయటికి నెట్టాలి అని మీటింగులు పెడతారు.

2020లో నేను కొవిడ్ వార్డులో పనిచేశాను. అప్పట్లో ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఒక రాత్రి డ్యూటీ దిగి వస్తే, వాచ్‌మెన్ అన్న గేటు తియ్యలేదు. "మేడమ్, కమిటీవాళ్లు వద్దన్నారు" అని నేల చూపులు చూస్తూ చెప్పాడు. అతని తప్పేం లేదు. చేతిలో టిఫిన్ డబ్బా, పీపీఈ కిట్ వేసుకుని వేసుకుని ముక్కు మీద ఒరుసుకుపోయిన గీత. అరగంట నిలబడ్డాను. మూడో అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కిందికొచ్చి, తనే గడియ తీశారు. "పా బిడ్డా, తిన్నవా?" అన్నారు.

హ్యాపీనెస్‌లో ఆ ఉత్తుత్తి భార్యాభర్తలు సే-బోమ్, యి-హ్యూన్ ఒకరి కోసం ఒకరు తలుపు దగ్గర నిలబడే సన్నివేశాలు చూస్తూ నేను ఆ గడియ చప్పుడే విన్నాను. వాళ్లిద్దరూ "ప్రేమిస్తున్నాను" అని పెద్దగా చెప్పుకోరు. ఒకరు బయటికెళ్తే ఇంకొకరికి నిద్ర పట్టదు, అంతే. న్యూటోపియా కంటే నాకు ఇదే ఎక్కువ దగ్గరైంది.

కొండారెడ్డి బురుజు
మా కర్నూలు జిల్లాకి 2021లోనే జాంబీ రెడ్డి అనే తెలుగు సినిమా జాంబీలను దింపింది, ఫ్యాక్షన్ కొట్లాటల మధ్యకి! నవ్వూ భయం కలపడం మనకీ వచ్చు. థియేటర్‌లో అరిచిన అరుపులు నాకింకా గుర్తు.

పాలకోవా
నవ్వు ఎక్కువ, భయం తక్కువ కావాలంటే జాంబీ డిటెక్టివ్ చూడండి. కేబీఎస్‌లో 2020 సెప్టెంబర్, అక్టోబర్‌లలో వచ్చింది. ఇందులో జాంబీయే హీరో, చోయ్ జిన్-హ్యూక్ చేశాడు. గతమేదీ గుర్తులేకుండా కొండల్లో లేస్తాడు. మనుషుల్లో కలవాలని సరిగ్గా నడవడం నేర్చుకుంటాడు, మాట తిరగడం కోసం గంటలు గంటలు సాధన చేస్తాడు, మొహం రంగు దాచుకోవడానికి క్రీమ్ పూసుకుంటాడు. ఆకలేస్తే తనకి తానే అడ్డుపడతాడు. మా నాన్నగారికి పక్షవాతం వచ్చాక మళ్లీ మాట నేర్చుకున్న రోజుల్లో ఇది చూశాను. ఒక అక్షరం సరిగ్గా పలికితే ఆ పాత్ర మొహం వెలిగేది. నాన్న మొహం కూడా అలాగే వెలిగేది. మేమిద్దరం కలిసి చూసేవాళ్లం.

సువాన్‌లో గోంగూర
ఒక జాగ్రత్త. న్యూటోపియాకి కొరియాలో పెద్దలకు మాత్రమే అని సర్టిఫికెట్ ఇచ్చారు. నెత్తురు, తెగిన అవయవాలు బాగా ఉన్నాయి. ప్రేమకథ కదా అని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోవద్దు, అన్నం తింటూ అసలే వద్దు. గులాబీ నలుపు, నువ్వు చూసేశావు కానీ మీ క్లాస్ పిల్లలకి చెప్పకమ్మా. ఫౌజీ ఇంటావిడ గారూ, మీరు పగలు చూడండి, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని.

రాత్రి రెండింటికి
నర్సు గారు రాసింది చదివి నిన్న హ్యాపీనెస్ మొదలుపెట్టాను. నాలుగు భాగాలయ్యాయి. ఇందులో భయం నిలబడింది, నాకు కావాల్సింది ఇదే. న్యూటోపియా మీద నా మాట మారలేదు. కాకపోతే చింతచిగురు గారి అమ్మగారు అడిగినట్టు 'ఎక్కడిదాకా వచ్చింది' అనుకుంటూ చివరి రెండు భాగాలు మళ్లీ పెట్టుకుంటాను.

ఫౌజీ ఇంటావిడ
మా ఆడపడుచుని పక్కన కూర్చోబెట్టుకుని, మధ్యాహ్నం పూట, కిటికీలన్నీ తీసి మూడు భాగాలు చూశాను. జాంబీలు వచ్చినప్పుడల్లా తను నా కళ్లు మూసింది, నేను తన కళ్లు మూశాను.

రాత్రి ఆయన ఫోన్ చేస్తే కథంతా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ కుర్రాడు కిందికి దిగాడా?" అన్నారు. ఇంకా దిగలేదండీ, రేపు చూసి చెప్తానన్నాను.