ట్రైనింగ్ ఫీజు తీసుకున్న సంస్థ మీద వార్త రాయొచ్చా?

కలం కూలీ:
పదకొండేళ్లు ఇంగ్లిష్ పేపర్ డెస్క్‌లో చేసి మానేశాను. ఇప్పుడు ఢిల్లీలో ఉండి ఇక్కడి వ్యవహారాల మీద విదేశీ పత్రికలకు, మన వెబ్‌సైట్లకు రాస్తున్నాను. ఎక్కువగా నీళ్లు, వ్యవసాయం. రాతల మీద వచ్చేది అద్దెకే చాలదు. అందుకే స్వచ్ఛంద సంస్థల రిపోర్టులు ఎడిట్ చేస్తా, వాళ్ల ఉద్యోగులకు మీడియాతో ఎలా మాట్లాడాలో నేర్పిస్తా. మార్చిలో నేను ట్రైనింగ్ ఇచ్చిన సంస్థే ఇప్పుడు భూగర్భ జలాల మీద నివేదిక తెచ్చింది. అందులో మంచి స్టోరీ ఉంది. రాయమంటారా?

డెస్క్ మనిషి:
వద్దు. అందులో ఆలోచించడానికేముంది?

లైన్ అకౌంట్:
డెస్క్ మనిషి గారూ, నెలనెలా జీతం పడేవాళ్లకు ఈ మాట అనడం తేలికే. నేను మండల కంట్రిబ్యూటర్‌ని. అచ్చయిన లైన్లు లెక్కగట్టి డబ్బులిస్తారు, అది పెట్రోలుకు సరిపోతే గొప్ప. సంక్రాంతికి, ఆగస్టు 15కి యాడ్స్ టార్గెట్ ఉంటుంది. యాడ్ ఇచ్చేది సర్పంచ్, కాంట్రాక్టర్. మర్నాడు వార్త రాయాల్సిందీ వాళ్ల మీదే. దాన్ని ఎవరూ తప్పనరు, టార్గెట్ అంటారు. మేడం గారు కష్టపడి పాఠం చెప్పి ఫీజు తీసుకుంటే మాత్రం తప్పా?

ఇంకోటి. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ఏదో ఒక పత్రికలో, పార్ట్‌టైమ్ అయినా సరే, ఉద్యోగం ఉన్నవాడినే జర్నలిస్టుగా చూసింది. కేంద్రం 2022లో తెచ్చిన అక్రెడిటేషన్ (విలేకరులకు ప్రభుత్వ గుర్తింపు) నిబంధనల్లో ఫుల్‌టైమ్ వాళ్లకు 5 ఏళ్ల అనుభవం చాలు, ఫ్రీలాన్సర్‌కైతే 15 ఏళ్లు కావాలి. హక్కుల దగ్గర మమ్మల్ని లెక్కలోకి తీసుకోరు, నీతుల దగ్గరే గుర్తొస్తామా?

డెస్క్ మనిషి:
తమ్ముడూ, నీకు జరుగుతున్నది అన్యాయమే, కాదనను. కానీ పాఠకుడికి మన అద్దె సంగతి ఎందుకు? జర్నలిజం విద్యార్థులకు లెక్క ఎలా సరిచూడాలో నేర్పితే ఎవరికీ అభ్యంతరం లేదు. విలేకరి ప్రశ్న నుంచి ఎలా తప్పించుకోవాలో ఒక సంస్థకు నేర్పడం వేరు. మేడం ఏది నేర్పారో చెప్పలేదు.

కలం కూలీ:
రెండూ నేర్పాను. దాచడం ఎందుకు.

నిరుడు జరిగింది చెప్తా. ఇంకో సంస్థలో ఒకాయనకు "అంకె అడిగితే అంకె చెప్పకండి, పెరుగుతోందా తగ్గుతోందా అనే ధోరణి చెప్పండి" అని నేర్పాను. ఆరు నెలల తర్వాత వేరే స్టోరీకి ఆయనకే ఫోన్ చేసి, ఎన్ని మండలాలు ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్ జాబితాలో ఉన్నాయని అడిగాను. ఏడాదికి వాడుకోదగ్గ నీటికంటే ఎక్కువ తోడేస్తే, అంటే నూరు శాతం దాటితే, ఆ జాబితాలో వేస్తారు. అంకె చెప్పడానికి అరనిమిషం పట్టదు. ఆయన పావుగంట ధోరణి చెప్పాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకు బిల్లు కట్టి నేర్చుకున్న విద్య కదా!

గట్టు మీద:
నేనో చిన్న వెబ్‌సైట్‌కి ఎడిటర్‌ని. ఇలాంటి స్టోరీలు వేస్తాం. "ఈ సంస్థకు రచయిత్రి ఈ ఏడాది శిక్షణ ఇచ్చారు" అని కింద ఒక లైను పెడతాం, అంతే. ఆ లైను రాయడానికి సిగ్గేస్తే స్టోరీ వద్దు.

లైన్ అకౌంట్:
మీరు వేస్తారు సార్. ఆ లైను చూసి స్టోరీనే పక్కన పెట్టేవాళ్లే ఎక్కువ. అందుకేగా అందరూ నోరు మూసుకునేది.

డెస్క్ మనిషి:
లైను పెట్టినా సరిపోదంటాను. వచ్చే ఏడాది ట్రైనింగ్ కాంట్రాక్టు మళ్లీ కావాలి కదా? అబద్ధం రాయరు, కానీ అడగాల్సిన నాలుగో ప్రశ్న అడగరు. ఆ అడగని ప్రశ్న ఏ లైనులో కనిపిస్తుంది?

కలం కూలీ:
ఈ మాట రాత్రంతా గుచ్చింది. పొద్దున్నే ఎడిటర్‌కి ఫీజు ఎంత తీసుకున్నానో సహా మెయిల్ పెట్టాను. థాంక్స్ చెప్పి, స్టోరీని స్టాఫ్ రిపోర్టర్‌కి ఇచ్చేశారు. నివేదికలో లెక్కలు అర్థం కాక సాయంత్రం ఆ కుర్రాడు నాకే ఫోన్ చేశాడు. గంటసేపు విడమర్చి చెప్పాను.

లైన్ అకౌంట్:
ఆ గంటకి బిల్లు పెట్టారా మేడం?