అప్‌డేట్: నాన్న జ్వరం, చంకలో నల్ల మచ్చ - స్క్రబ్ టైఫస్ అంట

పోయిన నెల అడిగా కదా, నాన్నకి 9 రోజుల్నుంచి జ్వరం, తలనొప్పి, డెంగ్యూ మలేరియా టైఫాయిడ్ అన్నీ నెగెటివ్, చంకలో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉంది కానీ నొప్పి లేదంటున్నాడని. ఆ మచ్చ డాక్టర్‌కి చూపించమన్నోళ్ళందరికీ థ్యాంక్స్, అదే పని చేసింది. అంతకుముందు చూసిన డాక్టర్‌కి చొక్కా విప్పి చూపించనే లేదు, నాన్నకి మొహమాటం.

కొత్త డాక్టర్ చూడగానే ఎస్కార్ అన్నారు, అంటే స్క్రబ్ టైఫస్ బ్యాక్టీరియాని ఎక్కించే, గడ్డిలో ఉండే కంటికి ఆనని మైట్ అనే పురుగు పిల్ల కుట్టిన చోటు, చంకలు గజ్జల్లాంటి చోట్లే ఎక్కువంట, అందరికీ కనపడదు కూడా అంట. స్క్రబ్ టైఫస్‌కి చేసే రక్తపరీక్ష ఐజీఎం ఎలైజా పాజిటివ్ వచ్చింది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 ఎంజీ రోజుకి రెండు, 7 రోజులు రాశారు, రెండో రోజుకే జ్వరం దిగిపోయింది. ముందు చేసిన సెఫ్ట్రియాక్సోన్ అనే వేరే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు దీని మీద పనిచేయవంట, ఈ బ్యాక్టీరియా మన కణాల లోపల ఉంటుంది కాబట్టి.

ఆ మచ్చ కొత్త సబ్బు ఎలర్జీ అని నేను పెట్టిన అనుమానం వట్టిదే. ప్లేట్‌లెట్స్ తగ్గింది కూడా దీనివల్లే, బొప్పాయాకు రసం అనవసరంగా తాగించాం పాపం. మచ్చ ఇప్పుడు చెక్కు కట్టి రాలిపోతోంది.