డబ్బులిచ్చి గీయించుకున్న క్యారెక్టర్ ఎవరిది? గీసినవాళ్లదా, గీయించుకున్నవాళ్లదా?

పెన్నగట్టు బొమ్మలు (నెల్లూరు)

ఐదేళ్లుగా క్యారెక్టర్ బొమ్మలు గీసి బతుకుతున్నాను. ఇంట్లో ఒక పెన్ టాబ్లెట్, పాత కంప్యూటర్లో క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్, అదే నా దుకాణం. ఒక విషయం కొన్నాళ్లుగా మనసులో నలుగుతోంది, మీ అందరి మాట వినాలని రాస్తున్నా.

ఏడాది కిందట మా ఊళ్లోనే రొయ్యల పచ్చడి, పులుసు కారం చేసి అమ్మే ఒకాయన వచ్చి ప్యాకెట్ మీదకు అవ్వ బొమ్మ కావాలన్నారు. వాళ్ల నాయనమ్మ ఫొటో ఒకటి ఇచ్చారు. స్టూడియోలో ఎదురుగా నిలబడి తీయించుకున్నది, రంగు వెలిసిపోయింది. నాలుగు వేలకు ఒప్పుకున్నాను. రెండు రోజుల పని అనుకుంటే తొమ్మిది రోజులు పట్టింది.

ఎందుకు పట్టిందో చెప్పాలి, గొడవంతా అక్కడే ఉంది. ఫొటోలో ఆమె ఊపిరి బిగబట్టి నిలబడింది. పచ్చడి కలిపే మనిషి అలా ఉండదు. చిన్న చిన్న రఫ్‌లు పద్నాలుగు వేశాను. గరిటె పట్టుకున్న అవ్వ, జాడీ పక్కన కూర్చున్న అవ్వ, ఏదీ కుదరలేదు. ఒకరోజు మా అమ్మ ఆవకాయ కలుపుతూ, రెండు చేతులకూ కారం ఉండటంతో, కళ్ల మీద పడిన వెంట్రుకల్ని మణికట్టుతో పైకి తోసుకుంది. అదే గీశాను. కుడి చెయ్యి బేసిన్లో ఉంటుంది, ఎడమ మణికట్టు నుదుటి మీద, వేళ్లు ముఖానికి తగలకుండా విడిగా, కొంగు నడుముకు దోపి. చీర ఆకుపచ్చ పెట్టాను, ఎరుపు పచ్చడి దాని మీద బాగా లేస్తుందని. ఆ తర్వాత బొమ్మంతా నలుపుతో నింపి చూశాను. కళ్లూ ముక్కూ కనపడకపోయినా ఆ మోచేతి వంపు చూసి ఫలానా అవ్వ అని గుర్తుపట్టాలి. గుర్తుపట్టొచ్చు అనిపించాకే పంపించాను.

ఆరు నెలలకు అదే అవ్వ ఆటోల వెనక కనిపించింది. ఆ తర్వాత రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గర పెట్టిన స్టాల్ ఫ్లెక్సీ మీద. ఆ తర్వాత నిమ్మకాయ పచ్చడి ప్యాకెట్ మీద, పసుపు చీరలో. అక్కడ ఎవరో ఏఐ యాప్‌లో ముఖం మార్చారు. అవ్వకు ముప్పై ఏళ్లు తగ్గాయి, మణికట్టు విరిగినట్టు తిరిగిపోయింది. అడిగితే ఆయన కోప్పడలేదు. "డబ్బులిచ్చాను గదమ్మా, బొమ్మ నాదే గదా. పైగా ఆమె మా నాయనమ్మ" అన్నారు.

నా మాట ఇది. ఒక ప్యాకెట్‌కు అడిగి ఒక ప్యాకెట్ డబ్బులిచ్చినవాళ్లు కొన్నది ఆ ప్యాకెట్ బొమ్మను. అందులోని క్యారెక్టర్‌ను ఎక్కడ కావాలంటే అక్కడ వాడుకోవడానికి వేరే మాట్లాడుకోవాలి. మీరేమంటారు?

ఒంగోలు వ్యాపారి

మేడమ్, మీ కష్టం అర్థమైంది. కానీ నేను అవతలి పక్క మనిషిని. నా షాపుకు మూడుసార్లు బొమ్మలు గీయించుకున్నాను. జాకెట్టు కుట్టించుకున్నాక దాన్ని పెళ్లికి వేసుకోవాలా, తిరునాళ్లకు వేసుకోవాలా అని టైలర్ని అడుగుతామా? సంక్రాంతికి క్యాలెండర్ వేయించినప్పుడల్లా గీసినవాళ్ల పర్మిషన్ తీసుకోవాలంటే మాలాంటివాళ్లు వ్యాపారం చేసినట్టే. వాడకాన్ని బట్టి రేటు ఉంటుందని మొదటిరోజే చెబితే ఇష్టమైతే ఇస్తాం, లేకపోతే లేదు. చెప్పకుండా ఆరు నెలల తర్వాత అడిగితే అది మోసంలాగే అనిపిస్తుంది.

కావలి లైన్ఆర్ట్

అన్నా, టైలర్ పోలిక బాగుంది కానీ సగమే చెప్పారు. జాకెట్టు మీది. దాన్ని కత్తిరించిన కాగితం మాత్రం టైలర్ దగ్గరే ఉంటుంది. అక్క ఇచ్చింది జాకెట్టు, అంటే ఒక భంగిమలో ఒక బొమ్మ. అదే అవ్వను ఎదురు, ముప్పావు, పక్క, వెనక నుంచి చూపించే టర్న్ఎరౌండ్ షీటు, నవ్వు, కోపం, ఆశ్చర్యం లాంటి ముఖాల షీటు, రంగుల కోడ్‌లు, గీత, రంగు విడివిడి పొరల్లో (లేయర్లు) ఉండే ఫైలు, ఇవన్నీ కాగితం కిందికి వస్తాయి. అవి అమ్మలేదు.

నేను ఎక్కువగా విదేశాల వాళ్లకు గీస్తాను. ఆన్‌లైన్ ఆటల్లో వాళ్లు ఊహించుకున్న క్యారెక్టర్లు, నవలల్లో పాత్రలు. అక్కడ రేట్ల పట్టికలోనే సొంతానికి ఒక ధర, వ్యాపారానికి ఒక ధర అని ముందే ఉంటుంది. ఎవరూ ఆశ్చర్యపోరు. అమెరికాలో ఫ్రీలాన్సర్ గీసిన బొమ్మ కాపీరైట్, సంతకంతో రాసివ్వకపోతే మామూలుగా గీసినవాళ్లదే. కానీ అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటుంది. ఫ్రీలాన్స్ పనులు దొరికే ఫైవర్ సైటులో మన సంపాదనలో 20 శాతం వాళ్లు తీసుకుంటారు, మన పని వివరాలు పెట్టే గిగ్ పేజీలో వేరేగా రాయకపోతే డబ్బు కట్టిన కొనుగోలుదారుకే హక్కులన్నీ వెళ్లిపోతాయి. అది చదవకుండా నేను మొదటి ఏడాదంతా గీశాను.

ఇంకో మాట. ఇది రెండువైపులా కోసే కత్తి. ఒక క్లయింట్ తన క్యారెక్టర్‌కు ఎడమ చెవి చిరిగి ఉండాలి, తోక చివర నీలం ఉండాలి అని రెండు పేజీలు రాసి పంపింది. ఆ క్యారెక్టర్‌ను నేను ఇంకొకరికి అమ్మితే తప్పు నాదే. ఊహ ఆమెది, గీత నాది.

ఒంగోలు వ్యాపారి

సరే తమ్ముడూ, నీ మాటే తీసుకుందాం. కాగితం టైలర్దే. కానీ కొలతలు ఎవరి ఒంటివి? ఆయన ఇచ్చింది వాళ్ల నాయనమ్మ ఫొటో. నువ్వు చెప్పిన తోక అమ్మాయికి ఉన్న హక్కు ఆయనకు ఎందుకు ఉండదు?

లా స్టూడెంట్ (నెల్లూరు)

చట్టం ఏమంటుందో చెప్తాను, అక్కకు నచ్చకపోవచ్చు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం కృతి సృష్టించినవాళ్లే మొదటి హక్కుదారులు. కానీ దానికి మినహాయింపులున్నాయి. డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫొటో, వేసిన పెయింటింగ్, గీసిన పోర్ట్రెయిట్ లాంటివాటికి, వేరే ఒప్పందం లేకపోతే, ఆ డబ్బిచ్చినవారే మొదటి హక్కుదారులు. అంటే అమెరికా పద్ధతి ఇక్కడికి తేకూడదు. మన దగ్గర నోరు మూసుకుని గీసి ఇచ్చేస్తే గాలి క్లయింట్ వైపే వీచే అవకాశం ఎక్కువ.

ఇక్కడొక మెలిక ఉంది. చట్టం మొదట్లో కళాకృతులంటే ఏమిటో చెప్పేటప్పుడు పెయింటింగ్‌నూ డ్రాయింగ్‌నూ వేరువేరుగా పేర్కొంది. 17వ సెక్షన్ మినహాయింపులో పెయింటింగ్, పోర్ట్రెయిట్ ఉన్నాయి, డ్రాయింగ్ అన్న మాట లేదు. టాబ్లెట్ మీద గీసిన అవ్వ ఏ కిందికి వస్తుంది? నాయనమ్మ పోలిక కాబట్టి పోర్ట్రెయిట్ అని ఆయన వకీలు అంటాడు. పద్నాలుగు రఫ్‌లు వేసి పుట్టించిన పాత్ర, పోర్ట్రెయిట్ కాదు అని అక్క వకీలు అంటాడు. నాలుగు వేల బొమ్మకు ఆ వాదన కోర్టు దాకా మోయలేం కదా.

అందుకే కాగితం. హక్కు బదిలీ చేస్తే అది రాతలో, సంతకంతో ఉండాలని 19వ సెక్షన్ చెబుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అనుకోవాలి, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. ముఖం పాడుచేసిన సంగతి మాత్రం వేరే. 57వ సెక్షన్ కింద, హక్కులన్నీ అమ్మేసినా సరే, నా పేరు ప్రతిష్ఠలకు దెబ్బ తగిలేలా నా పనిని వికృతం చేయొద్దని గీసినవాళ్లు అడగొచ్చు. ఆటో మీద వేసినందుకు కాకపోయినా విరిగిన మణికట్టు కోసం అక్క గట్టిగానే అడగొచ్చని నా అభిప్రాయం.

ట్రంకురోడ్డు ఫ్లెక్స్

ప్రింటింగ్ చేసేవాడిగా ఒక నిజం చెప్తా. ముఖాలు పాడయ్యేది చాలాసార్లు మా షాపుల్లోనే. పండుగ ముందురోజు రాత్రి తొమ్మిదింటికి వస్తారు, వాట్సాప్‌లో నలిగిన బొమ్మ ఫోన్లో చూపిస్తారు. పదడుగుల ఫ్లెక్సీ కావాలంటారు. పదడుగులంటే 120 అంగుళాలు. బొమ్మ వెడల్పు 2,000 పిక్సెళ్లు ఉంటే అంగుళానికి 17 కూడా పడవు. 72 ఉంటే నిశ్చింతగా వేస్తాం. అప్పుడు మా కుర్రాడు ఏదో యాప్‌లో పెట్టి పెంచుతాడు, ముఖం మారిపోతుంది. ఎవరికీ చెడగొట్టాలని ఉండదు. మేడమ్ మొదటే పెద్ద ఫైలు ఇచ్చుంటే ఈ గొడవలో సగం ఉండేది కాదు. దానికి డబ్బులు ఎక్కువ తీసుకోండి, కానీ ఇవ్వండి.

చీమకుర్తి కుర్రాడు

అందరూ పెద్దపెద్ద మాటలు చెప్తున్నారు. నేను మొన్ననే మొదలుపెట్టాను. మా వైపు గ్రానైట్ షాపు ఆయనకు ఒప్పందం కాగితం పంపితే "బొమ్మకు రిజిస్ట్రేషన్ కూడానా" అని మళ్లీ ఫోన్ ఎత్తలేదు. వారం తర్వాత ఏఐ బొమ్మ పెట్టుకున్నాడు, పైసా ఖర్చు లేకుండా. అక్కకు ఐదేళ్ల పేరుంది, అడిగినా వస్తారు. మొదటి పదిమంది క్లయింట్లు దొరకాల్సిన నాలాంటివాడు హక్కులు అంటూ కూర్చుంటే ఇంట్లో వాళ్లకు ఏం చెప్పాలి? నేనైతే అన్నీ ఇచ్చేస్తాను, డబ్బులు ముందే తీసుకుంటాను.

పెన్నగట్టు బొమ్మలు (నెల్లూరు)

ఒక్కొక్కరికీ చెప్తాను.

లా తమ్ముడూ, ఆ 17 సంగతి నాకు నిజంగా తెలీదు. చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. ఐదేళ్లలో గీసినవాటిలో వాడకం గురించి రాసుకున్నవి ఎన్ని ఉన్నాయో వెనక్కి వెళ్లి చూశాను. మూడు. మిగతావన్నీ "ఓకే మేడమ్, బాగుంది" అన్న మెసేజ్‌లే.

ఒంగోలు అన్నా, ముందే చెప్పాలన్నది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. ఆ తప్పు నాది. కానీ కొలతల మాట మీద మాత్రం నిలబడతాను. ఫొటోలో ఉన్న నాయనమ్మ మణికట్టుతో వెంట్రుకలు తోసుకోలేదు. ప్యాకెట్ చూసి జనం గుర్తుపడుతున్నది ఆ చేతినే. ముక్కూ నోరూ ఆయన కుటుంబానివి, ఆ చెయ్యి నేను మా ఇంట్లో చూసి తెచ్చింది. రెండూ ఒకే బొమ్మలో కలిసిపోయాయి కాబట్టే ఎవరో ఒకరిదే అంటే నాకు మింగుడుపడటం లేదు.

ఫ్లెక్స్ అన్నా, మీ లెక్క చూశాక సిగ్గేసింది. నేనిచ్చింది 2,400 పిక్సెళ్ల ఫైలు. లేయర్ల ఫైలు దాచుకుంటే పని నా దగ్గరికే మళ్లీ వస్తుందని అనుకున్నాను. రాలేదు, యాప్‌కు వెళ్లింది. పెద్ద సైజు ఫైలు ఇవ్వాలి, లేయర్లు మాత్రం వేరే ధరకు అని ఇప్పుడు అనిపిస్తోంది.

చీమకుర్తి తమ్ముడూ, నీ మీద నాకు కోపం లేదు, నీ భయం నాదే ఐదేళ్ల కిందట. కాగితం పంపకు. వాట్సాప్‌లో నాలుగు లైన్లు చాలు: ఏం గీస్తున్నాను, దేనికి వాడతారు, ఎన్నిసార్లు మార్పులు, ఎంత. దానికి ఆయన "సరే" అంటే అది కూడా రాతే. నా మాట ఎలా ఉంటుందంటే: "ప్యాకెట్, షాపు బోర్డుకు ఐదు వేలు. ఫ్లెక్సీ, ఆటోలు, ఆన్‌లైన్ కూడా అయితే తొమ్మిది. క్యారెక్టర్ మొత్తం మీదే కావాలంటే షీట్లతో కలిపి ఇరవై." మూడు ధరలు పక్కపక్కన చూస్తే ఎవరూ రిజిస్ట్రేషన్ అనరు. అన్నీ ఇచ్చేయాలనుకున్నా సరే, ఇస్తున్నావని నీకు తెలిసి, దానికి రేటు కట్టి ఇవ్వు. సగం అడ్వాన్స్ లేకుండా రఫ్ కూడా వేయకు, మార్పులు రెండుసార్లే.

చీమకుర్తి కుర్రాడు

నాలుగు లైన్ల మెసేజ్ వరకు చేస్తానక్కా. కానీ ఇరవై వేలు అని మా ఊళ్లో టైప్ చేయడానికి నాకు ధైర్యం చాలదు.

ఒంగోలు వ్యాపారి

మూడు ధరల పద్ధతి నాకు నచ్చింది మేడమ్. నేనైతే తొమ్మిది వేలదే తీసుకునేవాడిని. కానీ పాతదానికి మళ్లీ డబ్బులు అడగడం మీద నా అభిప్రాయం మారలేదు. మాట అప్పుడే అయిపోయింది.

పెన్నగట్టు బొమ్మలు (నెల్లూరు)

నిన్న సాయంత్రం ఆయన షాపుకు వెళ్లొచ్చాను. ఆటోలు, ఫ్లెక్సీల సంగతి వదిలేశాను, ఒంగోలు అన్న చెప్పినట్టు నేనే రాసుకోలేదు కాబట్టి. నిమ్మకాయ ప్యాకెట్ బొమ్మ మాత్రం ఆపాలని, అవ్వ చెయ్యి అలా వంకర తిరగడం చూడలేకపోతున్నానని చెప్పాను. ఆయన ప్యాకెట్ తీసి చూసుకున్నారు. వాళ్లమ్మగారు లోపలినుంచి వచ్చి, "మా అత్త ఇట్టా ఉండేది కాదు" అన్నారు. ఉన్న స్టాకు అయిపోయాక మార్చడానికి ఒప్పుకున్నారు. కొత్తగా నిమ్మకాయకు, గోంగూరకు రెండు భంగిమలు, ఒక టర్న్ఎరౌండ్ షీటు కలిపి పన్నెండు వేలకు మాట్లాడుకున్నాం. ఏది ఎక్కడ వాడతారో ఆయన చేతే మెసేజ్ పెట్టించుకున్నాను.

వచ్చేముందు వాళ్లమ్మగారు బీరువాలోంచి ఇంకో ఫొటో వెతికి ఇస్తానన్నారు. పెళ్లిలో ఎవరో పక్కనుంచి తీసిందట. షీటు గీయాలంటే నాకు అదే కావాలి. పక్కనుంచి ఆ అవ్వ ముక్కు ఎలా ఉంటుందో ఇన్నాళ్లూ నాకు తెలీదు.